ఎగువన తూము మూస్తే ఎండేది చివరి మడి

2025 మే 10 సాయంత్రం హైదరాబాద్ గచ్చిబౌలిలో మిస్ వరల్డ్ పోటీలు మొదలయ్యాయి. వందకు పైగా దేశాల అమ్మాయిలు వేదిక ఎక్కారు. భారత్, పాకిస్తాన్ కాల్పులు ఆపుతున్నట్టు ప్రకటన వచ్చింది కూడా ఆ సాయంత్రమే. అప్పటికి ఉత్తర, పశ్చిమ భారతంలో 32 విమానాశ్రయాలు మూతపడి ఉన్నాయి. ఆ తర్వాత నాలుగు రోజులకు, మే 14న, ఆ అమ్మాయిల్లో కొందరు వేయి స్తంభాల గుడి, ఖిలా వరంగల్ చూశారు. ఇంకొందరు రామప్పకు వెళ్లారు. హనుమకొండలో బతుకమ్మ ఆడారు.

ఓరుగల్లుకు అంత పెద్ద అంతర్జాతీయ ప్రచారం దొరకడం అరుదు. ‘తెలంగాణ జరూర్ ఆనా’ అని రాష్ట్రం పిలిచింది. కానీ అదే వారం బయటి దేశాల టీవీల్లో కనిపించిన భారతదేశం వేరు. డ్రోన్లు, సైరన్లు, లైట్లు ఆర్పేసిన ఊళ్లు. ఏప్రిల్ 22న 26 మందిని కాల్చి చంపిన పహల్గాంకూ, రామప్ప గుడి ఉన్న ములుగు జిల్లా పాలంపేటకూ మధ్య దూరం పదిహేను వందల కిలోమీటర్లకు పైనే. ఎక్కడో జర్మనీలో కూర్చుని టికెట్ కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న మనిషికి ఆ దూరం తెలియదు. ఆయన కళ్లముందున్న మ్యాపులో భారతదేశమంతా ఒకే రంగులో ఉంటుంది.

దేశాల మధ్య వైరం పర్యాటకాన్ని ఎలా దెబ్బతీస్తుందో అర్థం కావాలంటే శ్రీరాంసాగర్ కాకతీయ కాలువను గుర్తు చేసుకుంటే చాలు. ఎగువన గేటు కాస్త దించితే పైనున్న రైతుకు పెద్దగా తేడా తెలియదు. చివరి ఆయకట్టులో మాత్రం నారు ఎండిపోతుంది. విదేశీ పర్యాటకంలో వరంగల్, ములుగు చివరి ఆయకట్టులోనే ఉన్నాయి. మొదటిసారి భారత్‌కు వచ్చే విదేశీయుడు ముందుగా రాసుకునేది ఢిల్లీ, ఆగ్రా, జైపూర్. తర్వాత వారణాసి, కేరళ, గోవా. హైదరాబాద్ ఆ తర్వాతి మాట. హైదరాబాద్ నుంచి ఇంకో రెండు వందల కిలోమీటర్ల పైన ఉన్న రామప్పకు రానూ పోనూ కనీసం ఒకటిన్నర రోజు కావాలి. పదిహేను రోజుల యాత్రను టెన్షన్ వల్ల పది రోజులకు కుదించుకుంటే జాబితాలోంచి ముందుగా ఎగిరిపోయేది ఏదో చెప్పనక్కర్లేదు. యాత్రే మానుకుంటే అసలు గొడవే లేదు. రామప్ప శిల్పంలో ఏ లోపమూ లేదు, ములుగులో ఏ ప్రమాదమూ జరగలేదు, అయినా గైడుకు ఆ నెల పని లేదు.

తూము మూయడానికి ఎన్నో చేతులున్నాయి. వాటిలో ఒకటి ఆకాశంలో ఉంది. పహల్గాం తర్వాత రెండు రోజులకు పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసేసింది. ఏప్రిల్ 30న భారత్ కూడా అదే పని చేసింది. కాల్పులు నాలుగు రోజుల్లో ఆగినా ఈ మూసివేతను మాత్రం రెండు వైపులా నెలనెలా పొడిగిస్తూ వచ్చారు. ఢిల్లీ నుంచి యూరప్‌కో అమెరికాకో వెళ్లే మన విమానం గుజరాత్ మీదుగా అరేబియా సముద్రం మీదికి దిగి చుట్టూ తిరిగి పోవాలి. ఎక్కువ దూరమంటే ఎక్కువ ఇంధనం. ఎక్కువ ఇంధనం మోయాలంటే కొందరు ప్రయాణికులనో కొంత సరుకునో తగ్గించుకోవాలి. పైలట్లు వరుసగా ఇన్ని గంటలకు మించి పనిచేయకూడదని రూలు ఉంది కాబట్టి అదనపు సిబ్బంది కావాలి. అమెరికా వెళ్లే విమానాలు మధ్యలో వియన్నాలోనో కోపెన్‌హేగన్‌లోనో ఇంధనం కోసం ఆగాల్సి వచ్చింది. ఇది ఏడాది పొడవునా సాగితే సుమారు 60 కోట్ల డాలర్ల నష్టమని ఎయిర్ ఇండియా లెక్క వేసుకుంది. 2025 సెప్టెంబర్ నుంచి ఢిల్లీ, వాషింగ్టన్ విమానాన్నే ఆపేసింది. విమానాల కొరతతో పాటు ఈ గగనతలం గొడవను కూడా కారణంగా చెప్పింది. అంతకు ముందు 2019లో, బాలాకోట్ తర్వాత, ఫిబ్రవరి చివరి నుంచి జూలై మధ్య దాకా ఇలాగే జరిగింది.

పాకిస్తాన్ పెట్టిన నిషేధం భారతీయ సంస్థలకే వర్తిస్తుంది. విదేశీ విమానాలు పాకిస్తాన్ మీదుగా ఎగరొచ్చు. అయినా 2025 మే మొదట్లో కొన్ని యూరప్ సంస్థలు తమంతట తామే ఆ దారి మానుకున్నాయి. అంటే ప్రభుత్వం మూయకపోయినా భయం మూస్తుంది.

హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కు వెళ్లే విమానాలకు పాకిస్తాన్ అడ్డం కాదు, వాటి దారి సముద్రం మీదుగానే. కానీ ఉత్తర తెలంగాణకు గల్ఫ్ ఆకాశం ఇంకో రకంగా కీలకం. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల నుంచి దుబాయ్, దోహా, మస్కట్ వెళ్లే కార్మికుడూ, అమెరికా నుంచి పిల్లలను తీసుకుని సెలవులకు వచ్చే కుటుంబమూ, ఖిలా వరంగల్ తోరణాన్ని చూడాలని వచ్చే విదేశీయుడూ చాలాసార్లు ఎక్కేది అవే విమానాలు, దిగేది అవే విమానాశ్రయాలు. 2025 జూన్ 23న ఖతర్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు ప్రయోగించినప్పుడు దోహా ఆకాశం కొన్ని గంటలు మూతపడింది. ఆ కొన్ని గంటలకే ప్రపంచమంతటా విమానాలు వెనక్కి మళ్లాయి, వేలమంది లాంజుల్లో చిక్కుకుపోయారు. కార్మికుడి టెన్షన్ ఉద్యోగం గురించి, పర్యాటకుడి టెన్షన్ హోటల్ బుకింగ్ గురించి. రెండూ ఒకే తూము కింద ఉన్నాయి.

రెండో చేయి కాగితం మీద ఉంటుంది. దీని గురించి మన దగ్గర చర్చ తక్కువ. ప్రతి పెద్ద దేశమూ తన పౌరుల కోసం ప్రయాణ సూచనలు ప్రకటిస్తుంది. అవి చట్టాలేమీ కావు, ఎవరినీ ఆపలేవు. కానీ ఇన్సూరెన్స్ వాటికి ముడిపడి ఉంటుంది. బ్రిటన్ విదేశాంగ శాఖ ఒక ప్రాంతానికి వెళ్లొద్దని సూచిస్తే, అది లెక్కచేయకుండా వెళ్లినవాడికి చాలా ట్రావెల్ పాలసీలు పనిచేయవు. ఇన్సూరెన్స్ లేకుండా యాత్రికుల గుంపును పంపడానికి టూర్ కంపెనీ ఒప్పుకోదు. స్కూలు ఒప్పుకోదు, యూనివర్సిటీ ఒప్పుకోదు. అలా ఒక సలహా కాస్తా నిషేధం అంత పని చేస్తుంది.

ఇక్కడ వరంగల్ పాఠకులు గమనించాల్సిన మాట ఒకటుంది. అమెరికా విదేశాంగ శాఖ భారతదేశం గురించి ఇచ్చే సూచనలో ‘ఉత్తర తెలంగాణ’ అనే పేరు నేరుగా కనిపిస్తుంది. 2025 జూన్‌లో సవరించిన ప్రతిలో కూడా ఉంది. తూర్పు మహారాష్ట్ర, ఉత్తర తెలంగాణ నుంచి పశ్చిమ బెంగాల్ పడమటి భాగం దాకా మావోయిస్టులు చురుగ్గా ఉన్నారనీ, ఈ మేరలోని గ్రామీణ ప్రాంతాలకు వెళ్లాలంటే తమ ప్రభుత్వ ఉద్యోగులు ముందుగా అనుమతి తీసుకోవాలనీ అందులో రాశారు. అంటే హైదరాబాద్‌కు రావొచ్చు, ములుగు అడవి దగ్గరికి వచ్చేసరికి ఆలోచించాలి. ప్రపంచ వారసత్వ కట్టడం ఉన్న జిల్లా అలా ఆ వాక్యం లోపల పడింది.

ఆ సూచన పూర్తిగా గాలిలోంచి పుట్టిందని చెప్పడం న్యాయం కాదు. 2025 ఏప్రిల్, మే నెలల్లో ములుగు జిల్లా సరిహద్దున కర్రెగుట్టల్లో భద్రతా దళాలు మావోయిస్టుల మీద భారీ ఆపరేషన్ నడిపాయి. మిస్ వరల్డ్ పోటీలు మొదలైనప్పుడు అది ఇంకా ముగియలేదు. అయితే ఛత్తీస్‌గఢ్ అంచునున్న గుట్టలు వేరు, తారు రోడ్డు పక్కన చెరువుకట్ట దగ్గరున్న రామప్ప గుడి వేరు. ‘ఉత్తర తెలంగాణ’ అన్న రెండు మాటల్లో కర్రెగుట్టలూ, రామప్పా, బాసరా, నిర్మల్ బొమ్మల ఊరూ అన్నీ కలిసిపోయాయి. పైగా అదే సూచనలో కశ్మీర్, పాకిస్తాన్ సరిహద్దు, ఈశాన్యం గురించి హెచ్చరికలు వరుసగా ఉంటాయి. దేశాల మధ్య టెన్షన్ పెరిగిన రోజున అమెరికా జనం ఆ పేజీ తెరుస్తారు. కశ్మీర్ గురించి చదవడానికి వెళ్లి ఉత్తర తెలంగాణ పేరు కూడా చదువుతారు. ఎక్కడో రగిలిన యుద్ధం ఇక్కడి పాత భయాన్ని కొత్తగా గుర్తు చేస్తుంది. ఉత్తర తెలంగాణ పర్యాటకానికి జరుగుతున్న నష్టాల్లో ఎక్కువ బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే దీన్ని సరిచేసుకునే వీలు ఉంది.

వీసా కూడా కాగితమే. ఇక్కడ రామప్ప కథే ఒక విచిత్రమైన ఉదాహరణ. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో 20 మంది భారత సైనికులు చనిపోయారు. వాళ్లకు నాయకత్వం వహించిన కల్నల్ సంతోష్ బాబు సూర్యాపేట బిడ్డ. ఏడాది దాటాక, 2021 జూలై 25న, యునెస్కో ప్రపంచ వారసత్వ కమిటీ రామప్పను జాబితాలో చేర్చింది. ఆ సమావేశానికి ఆతిథ్య నగరం చైనాలోని ఫుజౌ. కోవిడ్ వల్ల అందరూ ఆన్‌లైన్‌లో కలిశారు. నిపుణుల సంస్థ ఐకోమాస్ ఇంకొంత అధ్యయనం కావాలన్నా, రష్యా చొరవ తీసుకోగా సభ్య దేశాల్లో ఎక్కువ భాగం రామప్ప వైపు నిలిచాయి. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడికి గుర్తింపు రావడంలో ఇన్ని దేశాల పాత్ర ఉంది.

అయితే అప్పటికే చైనీయులకు భారత్ టూరిస్టు వీసాలు ఆగిపోయాయి. అవి తిరిగి మొదలైంది 2025 జూలై 24న. రామప్పకు గుర్తింపు వచ్చి నాలుగేళ్లు కావడానికి ఒక్క రోజు తక్కువ. రెండు దేశాల మధ్య నేరుగా ఎగిరే విమానాలు మరో మూడు నెలలకు, అక్టోబర్ 26న, కోల్‌కతా, గ్వాంగ్‌జౌ సర్వీసుతో మళ్లీ మొదలయ్యాయి. ఫుజౌ సమావేశంలో గుర్తింపు పొందిన గుడిని ఫుజౌ మనిషి చూడటానికి నాలుగేళ్లు టూరిస్టు వీసానే లేదు. మన భక్తులకు కూడా కైలాస మానససరోవర యాత్ర 2020 నుంచి ఆగిపోయి 2025 వేసవిలో గానీ మళ్లీ తెరుచుకోలేదు. సంతోష్ బాబు త్యాగాన్ని గుండెల్లో పెట్టుకున్న నేల మీద నిలబడి చూస్తే వీసాలు ఆపడం తప్పని తేల్చేయడం తేలిక కాదు. దాని వెల ఎవరు కట్టారో మాత్రం చెప్పుకోవాలి.

గుడి, వారసత్వ జాబితా, వైరం అనే మూడూ ఒకే చోట ముడిపడితే ఎలా ఉంటుందో చూడాలంటే కంబోడియాలోని ప్రియా విహార్ వైపు చూడాలి. అదీ శివాలయమే, రామప్ప కంటే పాతది, కొండ అంచున ఉంటుంది. గుడి కంబోడియాదని 1962లో అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు చెప్పింది. కానీ గుడి ముఖం, పాత మెట్ల దారి ఉత్తరాన థాయ్‌లాండ్ వైపు ఉన్నాయి. 2008లో కంబోడియా కోరిక మీద యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంగా ప్రకటించింది. ఆ గుర్తింపే నిప్పు రాజేసింది. గుడి చుట్టూ ఉన్న నేల ఎవరిదన్న గొడవ ముదిరి 2011 దాకా కాల్పులు జరిగాయి, థాయ్ వైపు నుంచి గుడికి వచ్చే దారి మూసుకుపోయింది. పర్యాటకులను రప్పించడానికి తెచ్చుకున్న బిరుదే వాళ్లను తరిమేసింది. 2025 జూలై 24న మళ్లీ రెండు దేశాల మధ్య అయిదు రోజుల యుద్ధం జరిగింది. అంతకు రెండు నెలల ముందు హైదరాబాద్‌లో మిస్ వరల్డ్ కిరీటం పెట్టుకున్నది థాయ్‌లాండ్ అమ్మాయే.

ఆ యుద్ధంలో గుడి పక్క పల్లెల ప్రజలు ఇళ్లు వదిలి పారిపోయారు. బ్యాంకాక్‌లో దిగి రోడ్డు మార్గాన అంకోర్ వాట్ వెళ్లే పర్యాటకుల దారి, సరిహద్దు గేట్లు మూయడంతో, అప్పటికే తెగిపోయి ఉంది. అంకోర్ వాట్ సరిహద్దుకు చాలా దూరం, అక్కడ తూటా పేలలేదు. అయినా దాని పక్కనున్న సియెం రీప్ ఊళ్లోని టుక్‌టుక్ డ్రైవర్లకు దెబ్బ తగిలింది. పాలంపేట ఆటో డ్రైవర్‌కు ఈ కథ కొత్తగా అనిపించదు. రామప్ప అదృష్టమల్లా అది ఏ రెండు దేశాల మధ్యనా లేకపోవడం.

ఇక కోపం సంగతి. ఇది ప్రభుత్వాల నుంచి రావొచ్చు, జనం నుంచీ రావొచ్చు. రెండింటి దారులు వేరు. దక్షిణ కొరియా 2016లో థాడ్ అనే అమెరికా క్షిపణి రక్షణ వ్యవస్థను పెట్టుకోవడానికి ఒప్పుకుంటే, 2017 మార్చిలో చైనా కొరియాకు గ్రూప్ టూర్లను ఆపించింది. 2016లో 80 లక్షల మంది చైనీయులు కొరియా వెళితే మరుసటి ఏడు సుమారు 42 లక్షల మందే వెళ్లారు. టూర్ ఏజెన్సీలు ప్రభుత్వం మాట దాటలేవు కాబట్టి నల్లా తిప్పినంత తేలికగా ఆ పని జరిగింది. తైవాన్ గురించి జపాన్ ప్రధాని అన్న మాటలకు కోపం వచ్చి 2025 నవంబర్‌లో తన పౌరులు జపాన్ వెళ్లొద్దని చైనా చెప్పింది కూడా ఈ పద్ధతిలోనే.

మన దగ్గర మాత్రం కోపం ఎక్కువగా ఫోన్లలో పుడుతుంది. 2024 జనవరిలో ప్రధాని లక్షద్వీప్ పర్యటన మీద మాల్దీవుల ఉప మంత్రులు నోరు జారితే భారతీయులు ఆ దేశానికి పోవడం తగ్గించారు. 2023లో 2.09 లక్షల మంది వెళితే 2024లో సుమారు 1.3 లక్షలు. ఆపరేషన్ సిందూర్ సమయంలో పాకిస్తాన్ పక్షం మాట్లాడినందుకు టర్కీ, అజర్‌బైజాన్ టూర్లను జనం రద్దు చేసుకున్నారు. ఈ మూడింటిలోనూ కోపం ఒకటే, ఫలితం మాత్రం ఒకటి కాదు. టర్కీకి ఏడాదికి వచ్చే విదేశీయులు 5 కోట్లకు పైనే, అందులో 2024లో భారతీయులు 3.3 లక్షలు. నూటికి ఒక్కరు కూడా కాదు. అజర్‌బైజాన్‌కు వచ్చిన 26 లక్షల్లో మనవాళ్లు 2.4 లక్షలు, అంటే దాదాపు పదో వంతు. కాబట్టి దెబ్బ బాకూకు తగిలినంతగా ఇస్తాంబుల్‌కు తగలదు. మాల్దీవులకు మన లోటును చైనా, యూరప్ పర్యాటకులు పూడ్చారు, 2024లో అక్కడి మొత్తం సంఖ్య 20 లక్షలు దాటింది కూడా.

బహిష్కరించే హక్కు ఎవరి జేబు వారిదైనట్టే ఎవరిది వారిదే. తన డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చుకోవడం ప్రతి కుటుంబం ఇష్టం. కానీ టికెట్ రద్దు చేసిన రోజున వెంటనే నష్టపోయేది ఎదుటి దేశపు మంత్రి కాదు. హోటల్‌కు అడ్వాన్స్ కట్టేసిన మన ఊరి ట్రావెల్ ఏజెంట్, అక్కడ భారతీయ వంట చేసే మనిషి. ఈ లెక్క కోపంలో ఉన్నప్పుడు గుర్తుకు రాదు.

పొరుగు దేశం బంగ్లాదేశ్ విషయం చూస్తే మన పర్యాటక లెక్కలు ఎంత పెళుసో తెలుస్తుంది. 2023లో భారత్‌కు వచ్చిన విదేశీ పర్యాటకుల్లో అయిదో వంతుకు పైగా బంగ్లాదేశీయులే. 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం కూలి వీసాలు బాగా తగ్గిపోయాక కోల్‌కతా న్యూ మార్కెట్ చుట్టుపక్కల హోటళ్లు వెలవెలబోయాయి. ఒక్క దేశం మీద ఆధారపడ్డ ఊరు ఆ దేశంతో చెడినప్పుడు కోలుకోలేదు.

మరి ఈ గాలివానల్లో ఉత్తర తెలంగాణకు ఆసరా ఏది? ఇక్కడికి వచ్చేవాళ్లు ఎవరో చూస్తే జవాబు దొరుకుతుంది. రెండేళ్లకోసారి జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు కోటి మందికి పైగా వస్తారు. వాళ్లకు వీసా అక్కర్లేదు, ఇన్సూరెన్స్ అక్కర్లేదు. ఏ రెండు దేశాలు కొట్లాడుకున్నా తల్లుల గద్దెల మీదికి బెల్లం బంగారం చేరుతూనే ఉంటుంది. ఇక విదేశీయుల లెక్కలో విడిగా కనిపించని ఇంకో వర్గం ఉంది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా పాస్‌పోర్టులున్న తెలుగువాళ్లు. ప్రభుత్వ గణాంకాల్లో వీళ్లు విదేశీ పర్యాటకులే. అమ్మానాన్నలు ఇక్కడే ఉన్నారు కాబట్టి పెళ్లికో చావుకో బతుకమ్మకో వచ్చి తీరతారు. టీవీలో సైరన్లు మోగినా ఊరికి ఫోన్ చేసి అడిగి తెలుసుకుంటారు. జర్మనీ మనిషికి లేని దూరాల తెలివి వీళ్లకు ఉంటుంది. వీళ్ల పిల్లలకు రామప్పలో నీటిలో తేలే ఇటుకల కథనూ, ఇసుక పునాదినీ వాళ్ల భాషలో చెప్పగలిగే ఏర్పాట్లు ఉంటే అదే పెద్ద మార్కెట్. పెంబర్తి ఇత్తడి, చేర్యాల బొమ్మలు, వరంగల్ దరీలు వీళ్ల సూట్‌కేసుల్లోకి ఎక్కాలి.

మామునూరు విమానాశ్రయం మీద కూడా చాలామంది ఆశ పెట్టుకున్నారు. నిజాం కాలంలో 1930లో కట్టిన ఈ రన్‌వే మీద 1981 దాకా విమానాలు దిగాయి. 1962 చైనా యుద్ధం రోజుల్లో విమానాలను ఇక్కడికి తెచ్చి దాచారని ఓరుగల్లు పెద్దలు చెబుతుంటారు. 2025లో కేంద్రం దీని పునరుద్ధరణకు పచ్చజెండా ఊపింది. ఇది తెరుచుకుంటే విదేశీ విమానాలు వెంటనే దిగవు, ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో దిగిన మనిషే ఇక్కడికి రావాలి. కాకపోతే ఒకటిన్నర రోజు యాత్ర ఒక్క రోజుకు తగ్గుతుంది. చివరి మడి కాలువకు కాస్త దగ్గరవుతుంది.

ప్రయాణ సూచనల గురించి మాత్రం ఓరుగల్లు చరిత్రలోనే ఒక దారి ఉంది. తుఫానుకు కొట్టుకొచ్చి తీరానికి చేరిన ఓడల్లోని సరుకంతా స్వాధీనం చేసుకోవడం పాత రాజుల అలవాటు. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించి ఆ పద్ధతి మాన్పించాడు. నిర్ణయించిన సుంకం తప్ప వర్తకుల సొమ్ము ఏదీ ముట్టుకోబోమని రాతి మీద మాట ఇచ్చాడు. దూరదేశాల నుంచి వచ్చేవాడికి ముందుగా కావాల్సింది తన ప్రాణానికీ సొమ్ముకూ భరోసా అని ఆయనకు తెలుసు. ఓరుగల్లు నుంచి ఎంతో దూరాన ఉన్న రేవు గురించి కూడా పట్టించుకున్నాడు.

ఇప్పుడు ఆ శాసనం వేయాల్సింది రాతి మీద కాదు, విదేశాంగ శాఖల వెబ్ పేజీల్లో. మావోయిస్టుల బలం ఏటేటా తగ్గుతోంది, 2025లో ఎందరో పెద్ద నాయకులు లొంగిపోయారు. ఏ మండలంలో చివరిసారి ఘటన ఎప్పుడు జరిగిందో పోలీసుల దగ్గర లెక్క ఉంటుంది. ఆ లెక్కను మండలాల వారీగా, తేదీలతో సహా, రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ ముందు, బ్రిటిష్ డిప్యూటీ హైకమిషన్ ముందు పెట్టాలి. ‘ఉత్తర తెలంగాణ’ అనే గుంపు మాట స్థానంలో ఏ గుట్టలకు వెళ్లకూడదో ఆ గుట్టల పేరు రాయమని అడగాలి. ఇది ఢిల్లీ చేసే పని కాదు, అక్కడ కశ్మీర్, చైనా సరిహద్దు గొడవలే సరిపోతాయి. నానక్‌రాంగూడలోని అమెరికా కాన్సులేట్ నుంచి రామప్ప గుడికి కారులో వెళ్తే నాలుగైదు గంటలు. అక్కడి ఉద్యోగి పై అధికారి అనుమతి అడగకుండా ఆదివారం పొద్దున బయలుదేరి నంది ముందు నిలబడగలిగిన రోజున ఆ సూచన మారినట్టు లెక్క.